కాలువల రూపనిష్పత్తి

భద్రాచలము దాటిన గోదావరి పాపికొండల నడుమ దూరినప్పుడు నది ఇరుకై, లోతై, రెండు పక్కల కొండలు నీటిలోనికి దిగినట్లుగా కనిపిస్తుంది. అదే నది కొండలు దాటి రాజమహేంద్రవరము చేరేసరికి ఆవలి గట్టు సన్నని గీతగా మారిపోతుంది. అక్కడ 1997లో పూర్తయిన కమాను రైలు వంతెన పొడవు 2.7 కిలోమీటర్లకు పైగా ఉన్నది. ఈ రెండు చోట్ల మధ్య నదిలోని నీరు చెప్పుకోదగినంత పెరగలేదు. మారినది నది ఆకారము.

ఈ మార్పును అంకెలలో చెప్పడము ఎట్లా? వెడల్పు ఇంత అంటే చాలదు. 8 మీటర్ల వెడల్పు పంటకాలువకు ఎక్కువ, నదికి ఏమాత్రము కాదు. అడ్డుకోత వైశాల్యము చెప్పినా చాలదు. 32 చదరపు మీటర్ల వైశాల్యము 8 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల లోతు గల కాలువకూ ఉంటుంది, 32 మీటర్ల వెడల్పున మీటరు లోతున పరచుకొన్న కాలువకూ ఉంటుంది. ఒకటి తొట్టివంటిది, రెండవది పళ్ళెమువంటిది. ఆ తేడాను పట్టి చూపే సంఖ్య వెడల్పును లోతుతో భాగిస్తే వస్తుంది. మొదటి కాలువకు అది 2, రెండవదానికి 32. దీనినే రూపనిష్పత్తి అంటారు. ఇంగ్లీషు పుస్తకములలో దీని పేరు యాస్పెక్ట్ రేషియో. మీటర్లను మీటర్లతో భాగించడము వల్ల ఇది ప్రమాణములు లేని శుద్ధసంఖ్య. అడుగులలో కొలిచినా, బారలలో కొలిచినా మారదు.

నిర్వచనము ఇంత తేలికగా ఉన్నా వాడుకలో చిక్కు ఉన్నది. పై లెక్కలోని కాలువ నిలువు గోడలు గల దీర్ఘచతురస్రము. మట్టిలో తవ్విన కాలువకు నిలువు గోడలు నిలవవు, పక్కలు వాలుగా ఉంటాయి. అడుగున 6 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు, నిలువు ఒక మీటరుకు అడ్డము ఒకటిన్నర మీటర్ల వాలు గల కాలువను తీసుకొందాము. నీటి ఉపరితలమువద్ద దాని వెడల్పు 12 మీటర్లు అవుతుంది. అడుగు వెడల్పును లోతుతో భాగిస్తే 3. ఉపరితలపు వెడల్పును లోతుతో భాగిస్తే 6. నదులను పరిశీలించేవారు మరొక విధముగా చేస్తారు. అడ్డుకోత వైశాల్యము 18 చదరపు మీటర్లు. దానిని 12తో భాగిస్తే సగటు లోతు ఒకటిన్నర మీటర్లు. 12ను దానితో భాగిస్తే 8. ఒకే కాలువ, ఒకే రోజు, మూడు జవాబులు! మూడూ తప్పు కాదు. కాలువలు తవ్వే ఇంజనీరు అడుగు వెడల్పును, నిండు ప్రవాహపు లోతును వాడతాడు, ఎందుకంటే పార పట్టేవానికి కావలసినవి ఆ రెండే. నది అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కనుక నదీశాస్త్రజ్ఞుడు సగటు లోతు తీసుకొంటాడు. ఏది దేనితో భాగించినదో చెప్పకుండా రూపనిష్పత్తి ఇంత అని వ్రాయడము అరుదేమీ కాదు. అటువంటి అంకెను లెక్కలో వాడుకోవడానికి వీలు లేదు.

మరొక మాట. కాలువ తవ్విన ఆకారము మారకపోయినా నీటి మట్టముతో పాటు ఈ సంఖ్య మారుతుంది. పై కాలువలో నీరు సగానికి, అంటే మీటరు లోతుకు, తగ్గితే 3 కాస్తా 6 అవుతుంది. అందువల్ల ఏ మట్టమువద్ద అన్నది కూడా చెప్పాలి.

ఇక ఈ నిష్పత్తితో పని ఏమిటన్నది చూడాలి. కాలువలో నీటిని ముందుకు లాగేది వాలు. వెనుకకు పట్టేది అడుగుతోను, పక్కలతోను కలిగే రాపిడి. నీరు ఎంత మేర నేలను తాకుతున్నదో ఆ పొడవును తడిసిన చుట్టుకొలత అంటారు. గాలిని తాకే పైభాగము ఇందులో చేరదు. వైశాల్యమును తడిసిన చుట్టుకొలతతో భాగిస్తే వచ్చేది జలీయ వ్యాసార్ధము. పేరు వ్యాసార్ధమైనా ఇక్కడ వృత్తమేమీ లేదు. నీరు ఎంత ఉన్నది, దానిని పట్టే గోడ ఎంత ఉన్నది అన్న పోలిక మాత్రమే. ఇది ఎంత పెద్దదైతే రాపిడి పాలు అంత తక్కువ.

32 చదరపు మీటర్ల వైశాల్యముతో మూడు దీర్ఘచతురస్రాకారపు కాలువలను పోల్చవచ్చును. మొదటిది 8 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల లోతు. చుట్టుకొలత 16, జలీయ వ్యాసార్ధము 2 మీటర్లు. రెండవది 16 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు. చుట్టుకొలత 20, జలీయ వ్యాసార్ధము 1.6. మూడవది 32 మీటర్ల వెడల్పు, మీటరు లోతు. చుట్టుకొలత 34, జలీయ వ్యాసార్ధము 0.94. ఐర్లండు ఇంజనీరు రాబర్ట్ మానింగ్ 1889లో ప్రతిపాదించిన సూత్రము ప్రకారము, వాలు, గరుకుదనము ఒకటే అయినప్పుడు వేగము జలీయ వ్యాసార్ధపు మూడింట రెండవ ఘాతమును అనుసరిస్తుంది. సాధారణమైన మట్టి కాలువకు గరుకుదనపు గుణకము 0.025 అనీ, వాలు 5,000 మీటర్లకు ఒక మీటరు అనీ తీసుకొంటే మొదటి కాలువలో వేగము సెకనుకు 0.90 మీటరు, రెండవదానిలో 0.77, మూడవదానిలో 0.54. వేగమును వైశాల్యముతో గుణిస్తే మొదటి కాలువ సెకనుకు 28.7 ఘనపు మీటర్లు, రెండవది 24.8, మూడవది 17.4 మాత్రమే తెస్తాయి. తవ్విన మన్ను మూడింటికీ సమానము. ఐనా మొదటిదానికీ మూడవదానికీ తేడా సుమారు 400 క్యూసెక్కులు. కాలువ చివరి ఊరివారికి ఆ తేడా ఏమిటో లెక్క చెప్పనవసరము లేదు.

మొదటి కాలువ నిష్పత్తి 2 కావడము యాదృచ్ఛికము కాదు. దీర్ఘచతురస్రములో తడిసిన చుట్టుకొలత వెడల్పుకు రెండు లోతులను కలిపినంత. వైశాల్యము స్థిరము కనుక వెడల్పు, రెట్టింపు లోతు అనే రెండు సంఖ్యల లబ్ధము కూడా స్థిరమే. లబ్ధము స్థిరముగా ఉన్న రెండు సంఖ్యల మొత్తము అవి సమానమైనప్పుడే కనిష్ఠమని ఉన్నత పాఠశాల విద్యార్థికి తెలుసు. కాబట్టి వెడల్పు లోతుకు రెట్టింపు అయినప్పుడు రాపిడి కనిష్ఠము. అక్కడినుండి కాలువను ఇటు ఇరుకు చేసినా, అటు వెడల్పు చేసినా నష్టమే. 4 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల లోతు గల కాలువకు కూడా, నిష్పత్తి అరకే దిగినా, చుట్టుకొలత రెండవ కాలువకు ఉన్నట్లే 20 మీటర్లు. అన్ని ఆకారములలోను మేలైనది అర్ధవృత్తము. అదే వైశాల్యముతో దాని చుట్టుకొలత 14.2 మీటర్లే.

ఇంత తేలికైన లెక్క ఉండగా కాలువలన్నిటినీ రెండు నిష్పత్తితోనే ఎందుకు తవ్వరు? లోతైన కాలువకు గట్లు జారిపోతాయి, తవ్విన మన్నును పైకి ఎత్తే కూలి పెరుగుతుంది, అడుగున రాయి తగలవచ్చును, పొలముల మట్టమునకు నీరు అందకపోవచ్చును. ధవళేశ్వరము ఆనకట్ట దిగువ డెల్టా కాలువలలో ఒకప్పుడు ధాన్యపు పడవలు కూడా నడిచేవి. అటువంటి కాలువకు ఎదురెదురుగా వచ్చే పడవలు తప్పుకొనేంత వెడల్పు కావాలి. ఈ కారణములన్నీ నిజమే. కాని అన్నిటికంటె బలమైన కారణము నీటిలో కొట్టుకొని వచ్చే ఒండ్రు.

నది నీరు ఒట్టి నీరు కాదు. అది మెల్లగా పారితే ఒండ్రు అడుగున దిగి కాలువ పూడిపోతుంది. వడిగా పారితే అడుగును, గట్లను కోసుకొనిపోతుంది. అప్పటి పంజాబులోని ఎగువ బారి దోఆబ్ కాలువపై పనిచేసిన ఆర్. జి. కెన్నడీ అనే ఇంజనీరు, ఏళ్ళ తరబడి పూడక, కోసుకోక నిలకడగా ఉన్న చోట్లను ఎంచి కొలతలు తీశాడు. పూడిక, కోత రెండూ లేని వేగము లోతును బట్టి ఉంటుందని ఆయన 1895లో ప్రకటించాడు. ఆ కాలువ ఒండ్రుకు, మీటర్ల లెక్కలో, లోతు యొక్క 0.64వ ఘాతమును 0.55తో గుణిస్తే ఆ వేగము వస్తుంది. లోతు పెరిగేకొద్దీ ఒండ్రును పైకి లేపి ఉంచడానికి ఎక్కువ వేగము కావాలన్నది దీని సారాంశము.

ఇప్పుడు పై మూడు కాలువలను ఈ గీటురాయిపై గీసి చూస్తే కథ తిరగబడుతుంది. 4 మీటర్ల లోతుకు కెన్నడీ కోరే వేగము సెకనుకు 1.34 మీటర్లు. మొదటి కాలువలో ఉన్నది 0.90 మాత్రమే. అంటే అందరికంటె ఎక్కువ నీరు తెచ్చే కాలువ, ఒండ్రు నీటిని వదిలితే, అందరికంటె ముందు పూడిపోతుంది. 2 మీటర్ల లోతుకు కావలసినది 0.86, ఉన్నది 0.77. ఇదీ కొంత పూడుతుంది. మీటరు లోతుకు కావలసినది 0.55, ఉన్నది 0.54. తక్కువ నీరు తెచ్చే ఆ వెడల్పైన కాలువే నిలకడగా ఉంటుంది. తేట నీటికి మేలైన ఆకారము ఒండ్రు నీటికి మేలైనది కాదన్నమాట. సిమెంటు తాపడము చేసి వాలు పెంచగలిగిన చోట ఇంజనీరు రెండు వైపుకు మొగ్గవచ్చును. మట్టి కాలువలో ఆ స్వేచ్ఛ తక్కువ.

కెన్నడీ సూత్రములో ఒక లోపము ఉన్నది. లోతుకు తగిన వేగము చెప్పినదే గాని వెడల్పు ఎంత ఉండాలో చెప్పలేదు. రూపనిష్పత్తిని ఇంజనీరు తన అనుభవమును బట్టి ఎంచుకోవలసివచ్చేది. ఒకే నీటికి ఒకరు ఇరుకు కాలువను, మరొకరు వెడల్పు కాలువను గీయవచ్చును, సూత్రము ఇద్దరినీ కాదనదు. దిగువ చీనాబ్ కాలువ కొలతలను ఆధారము చేసుకొని ఇ. ఎస్. లిండ్లే 1919లో కొత్త మాట చెప్పాడు. ఒండ్రు నేలలో పారే కాలువ తన లోతును, వాలును మాత్రమే కాదు, వెడల్పును కూడా తానే నిర్ణయించుకొంటుందని. ఇంజనీరు ఇరుకుగా తవ్వితే గట్లు కోసుకొని వెడల్పవుతుంది, వెడల్పుగా తవ్వితే అంచులలో ఒండ్రు పేరుకొని ఇరుకవుతుంది. ఈ ఊహకు అంకెల రూపము ఇచ్చినవాడు జెరాల్డ్ లేసీ. 1930 నాటి ఆయన సూత్రముల ప్రకారము, స్థిరపడిన కాలువ తడిసిన చుట్టుకొలత ప్రవాహపు వర్గమూలమునకు 4.75 రెట్లు ఉంటుంది. మధ్యరకపు ఒండ్రుకు జలీయ వ్యాసార్ధము ప్రవాహపు ఘనమూలమునకు 0.47 రెట్లు ఉంటుంది. ఇవి కూడా మీటర్ల లెక్కే.

సెకనుకు 25 ఘనపు మీటర్ల ప్రవాహమునకు ఈ సూత్రములు చుట్టుకొలత 23.8 మీటర్లనీ, జలీయ వ్యాసార్ధము 1.37 మీటర్లనీ చెబుతాయి. దీర్ఘచతురస్రముగా మార్చి చూస్తే వెడల్పు 20.6, లోతు 1.6, నిష్పత్తి సుమారు 13. పై మూడు కాలువలలో రెండవదానికీ మూడవదానికీ నడుమ పడే ఆకారమిది. లేసీ లెక్కలో మరొక ముచ్చట దాగి ఉన్నది. చుట్టుకొలతను జలీయ వ్యాసార్ధముతో భాగిస్తే వచ్చే సంఖ్య ప్రవాహపు ఆరవ మూలమును అనుసరిస్తుంది. సెకనుకు ఒక ఘనపు మీటరు పారే పిల్లకాలువకు అది 10. ప్రవాహము 64 రెట్లు పెరిగితే 20. మళ్ళీ 64 రెట్లు పెరిగి 4,096 అయితే 40. వెడల్పైన ప్రవాహములలో ఈ సంఖ్యకూ రూపనిష్పత్తికీ పెద్ద తేడా ఉండదు. పెద్ద ప్రవాహము చిన్నదానికి పెద్ద అచ్చు కాదు. నీరు పెరిగేకొద్దీ లోతుకంటె వెడల్పు త్వరగా పెరుగుతుంది. పంటబోదె తొట్టివలె, మహానది పళ్ళెమువలె కనిపించడానికి ఇది ఒక కారణము.

గట్టు మన్ను కూడా ఇందులో భాగస్వామే. అమెరికా భూవిజ్ఞానవేత్త స్టాన్లీ షమ్ 1960లో అక్కడి పశ్చిమ మైదానముల వాగులను పరిశీలించి, ఒడ్డున, అడుగున బంకమట్టి, సన్నని ఒండ్రు పాలు పెరిగినకొద్దీ వెడల్పు, లోతుల నిష్పత్తి తగ్గుతుందని చూపాడు. ఆయన సూత్రము ప్రకారము బంకమట్టి పాలు నూటికి 5 ఉంటే నిష్పత్తి సుమారు 45, నూటికి 20 ఉంటే సుమారు 10. బంకమట్టి గట్టు నిటారుగా నిలుస్తుంది, ఇసుక గట్టు విరిగిపడుతుంది. పాపికొండలవద్ద గట్టు బంకమట్టి కూడా కాదు, రాయి. అది జరగదు కనుక గోదావరి లోతుకు దిగక తప్పదు. రాజమహేంద్రవరమువద్ద ఇసుకను, ఒండ్రును అటూఇటూ నెట్టి పరచుకొనే వీలు నదికి దొరికినది.

నిష్పత్తి బాగా పెద్దదైతే లెక్క సులభమవుతుంది. పక్కల రాపిడిని వదలివేసి జలీయ వ్యాసార్ధమునకు బదులు లోతునే వాడుకోవచ్చును. నిష్పత్తి 100 అయితే దీనిలోని తప్పు నూటికి 2 మాత్రమే. 20 అయితే జలీయ వ్యాసార్ధము లోతులో నూటికి 91 పాళ్ళు. 10 అయితే 83. ఐదైతే 71. నిష్పత్తి 10 దాటితే వెడల్పైన కాలువ అని కొన్ని పుస్తకములలో ఉంటుంది గాని, 10 దగ్గర లోతు వేస్తే జలీయ వ్యాసార్ధము నిజమైనదానికంటె నూటికి 20 పాళ్ళు ఎక్కువగా వస్తుంది. ఇది చిన్న తప్పు కాదు.

నిష్పత్తి సుమారు 5 కంటె తగ్గినప్పుడు మరొక వింత జరుగుతుంది. కాలువ నడిమధ్యను వేగము ఉపరితలమున గరిష్ఠముగా ఉండాలని ఎవరైనా అనుకొంటారు, పైనున్న గాలి పట్టు చాలా తక్కువ కనుక. కాని ఇరుకు కాలువలో గరిష్ఠవేగము ఉపరితలమునకు కొంత దిగువను కనబడుతుంది. గోడల మూలలలో పుట్టే సుడులవంటి మందమైన అడ్డుప్రవాహములు, గోడ పక్కన మందగించిన నీటిని ఉపరితలము వెంబడి నడుమకు తెచ్చి అక్కడ కిందకు దింపుతాయి. నీటిపై బెండు ముక్కను వదిలి, అది 10 మీటర్లు సాగే కాలమును కొలిచి వేగము కనుగొనడము పాఠశాలలో చేయదగిన ప్రయోగము. బెండు వేగమును 0.85తో గుణిస్తే సగటు వేగము వస్తుందని సాధారణముగా చెబుతారు. ఇరుకైన బోదెలో ఆ గుణకము సరిగా అతకకపోవడానికి ఒక కారణము ఈ అడ్డుప్రవాహమే. ఒకే బోదెను ఇరుకు చోట, వెడల్పు చోట కొలిచి, రెండు చోట్లా వేగమును వైశాల్యముతో గుణించి చూస్తే, నీరు ఒకటే కనుక జవాబులు కలవాలి. ఎంతవరకు కలిశాయన్నది తరగతిలో చర్చించదగిన విషయము.

మూసిన గొట్టములలో నీటి ఉపరితలము ఉండదు కనుక నాలుగు వైపులా రాపిడే. ఇక్కడ నిర్వచనపు చిక్కు మరీ ఎక్కువ. కొందరు పొడవైన భుజమును పొట్టిదానితో, కొందరు పొట్టిదానిని పొడవైనదానితో భాగిస్తారు. ఒకరి 10 మరొకరి 0.1. రక్తపు బొట్టును పరీక్షించడానికి గాజుపైన, సిలికాన్ పైన చెక్కే వెంట్రుకవంటి సన్నని కాలువలలో ప్రవాహము పొరలు పొరలుగా సాగుతుంది. అక్కడ రాపిడి గుణకమును రెనాల్డ్స్ సంఖ్యతో గుణిస్తే చదరపు గొట్టమునకు 57, గుండ్రని గొట్టమునకు 64, బాగా పలకబారిన చీలికకు 96 వస్తుంది. సగటు కొలత ఒకటే అయినా నిష్పత్తి మారితే రాపిడి ఇంతగా మారుతుంది.

రెనాల్డ్స్ సంఖ్య ఎవరి పేరుతో ఉన్నదో ఆ ఆస్‌బర్న్ రెనాల్డ్సే 1885లో మాంచెస్టరులో, లివర్‌పూల్ వద్ద సముద్రములో కలిసే మెర్సీ నదీముఖమునకు ఒక నమూనా తయారుచేశాడు. అందులో రూపనిష్పత్తిని ఆయన తెలిసి తెలిసి చెడగొట్టాడు. దానికి కారణము ఉన్నది. 2.7 కిలోమీటర్ల వెడల్పు, 5 మీటర్ల లోతు గల నదిని వెయ్యవ వంతుకు కుదిస్తే 2.7 మీటర్ల వెడల్పున 5 మిల్లీమీటర్ల నీటిపొర మిగులుతుంది. అంత పలుచని పొరలో నదిలోని సంక్షోభము ఉండదు. స్నిగ్ధత, తలతన్యత పెత్తనము చేస్తాయి. అందువల్ల రెనాల్డ్స్ అడ్డు కొలతలను సుమారు 32 వేల వంతుకు, లోతును మాత్రము 960వ వంతుకు తగ్గించాడు. నమూనాలోని నదీముఖము అసలుదానికంటె దాదాపు 33 రెట్లు లోతుగా కనిపిస్తుంది. అలవేగము లోతు వర్గమూలమును అనుసరించేది కనుక ఆటుపోట్ల కాలమును కూడా ఆ లెక్కనే కుదించాడు. సముద్రములో పన్నెండు గంటలకు పైగా పట్టే పోటు, పాటు నమూనాలో సుమారు 40 సెకన్లలో ముగిసేవి. చదునుగా పరచిన ఇసుకపై అటువంటి పోటుపాట్లను అనేకసార్లు నడిపించగా, అసలు మెర్సీలో ఉన్నవాటిని పోలిన పాయలు, ఇసుక తిన్నెలు ఏర్పడినాయి. నదీ నమూనాలలో నేటికీ ఈ పద్ధతి నడుస్తున్నది. ఐతే అటువంటి నమూనాలో గట్ల వాలు అసలుదానికంటె ఎన్నో రెట్లు నిటారుగా ఉంటుంది. గట్టు ఎక్కడ విరుగుతుంది, వంపులో అడుగు ఎంత కోసుకొంటుంది అన్న ప్రశ్నలకు అది చూపే జవాబును యథాతథముగా తీసుకోరు.